రెండుసార్లు చదివిన తోట

మానవజాతి సాధించిన విజయాలన్నిటిలోకీ గొప్పది ఏదంటే, ఉన్నదాన్ని ముక్కలు చేయడం, ఆ ముక్కలను మళ్ళీ అతికించడం, అతికించిందే అసలుదని సంతకం పెట్టడం. ఈ విజయాన్ని మన వీధి చివరిదాకా నడిపించుకొచ్చిన మహానుభావుడు అతుకుసారు. ఆయన పేరెత్తితే చాలు, నిమ్మతోట అన్నకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. (ఆ మంట గురించిన ఫిర్యాదు కార్యాలయం వారి పరిశీలనలో ఉంది. ఉంటుంది.)

అన్న అంటే ఊరందరికీ అన్నే. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు గోడకుర్చీ వేయిస్తే, కాసేపు వేసి, లేచి బయటికి నడిచి, మళ్ళీ లోపలికి వెళ్ళని మనిషి. యాభై దాటాయి. నిమ్మకి అంటు కట్టడం తప్ప వేరే పని రాదు, రావాలన్న కోరికా లేదు. అతనికి ఒక తమ్ముడు. తండ్రి ఒకే ఒక్క తల్లిచెట్టు కొమ్మలతో అంట్లు కట్టి తోటంతా వేశాడు. పోయేముందు తాడు పట్టి సరిగ్గా సగానికి కొలిచి, రోడ్డువైపు ఎకరం ముప్పావు తమ్ముడికి, కాలువవైపు ఎకరం ముప్పావు అన్నకి ఇచ్చాడు. చెట్లు సమానం, నీళ్ళు సమానం, మధ్యలో ముళ్ళకంచె. ఇంత న్యాయంగా పంచినందుకు తండ్రి మీద కొడుకులిద్దరికీ జీవితాంతం అనుమానం పోలేదు.

గొడవ ఒక బోర్డుతో మొదలైంది. తమ్ముడు రోడ్డు మీదికి కనబడేలా రేకు మీద రాయించి పెట్టాడు: 'ఇక్కడి నిమ్మకాయలకు రసం ఎక్కువ'. ఎవరికంటే ఎక్కువో రాయలేదు. రాయక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఇంకో నిమ్మతోట ఒక్కటే ఉంది.

"ఏరా, ఎవరి కాయల కంటే ఎక్కువ?" అన్నాడు అన్న కంచె ఇవతల నుంచి.

"పేరేమైనా రాశానా అన్నయ్యా? నీకెందుకంత ఉలుకు?"

"అన్నీ ఒక్క తల్లి అంట్లేరా! నీ చెట్టుకి మాత్రం రసం ఎక్కువెలా వస్తుంది, నీ మొహం చూసా?"

"ఎందుకు రాకూడదు? పొద్దున్నే లేచి నీ మొహం చూస్తే ఏ కాయకి రసం దిగుతుంది చెప్పు."

అన్న భార్య పెరట్లోంచి కేకేసింది. "రేకు బోర్డే కదండీ, నాలుగు వానలు పడితే రంగు అదే పోతుంది. ఊరుకోండి."

"దాని రంగు పోయేలోపల నా పరువు పోతుందే," అన్నాడు అన్న. చొక్కా మార్చుకుని, కార్యాలయానికి బయల్దేరాడు. రెండు తోటలకీ వెంట్రుకవాసి తేడా లేదని ప్రభుత్వం చేతే రాయించి, ఆ కాగితం తమ్ముడి మొహాన కొట్టాలన్నది అతని పట్టుదల. అతని కోరిక తీరింది. ఈ కథలో విషాదం అదే.

ఆ కార్యాలయం పేరు సంపూర్ణ క్రోమోజోముల కూర్పు కార్యాలయం. చెట్టు ఆకులో ప్రతి కణంలోనూ దాని పుట్టుపూర్వోత్తరాలు నాలుగే నాలుగు అక్షరాలతో, కోట్ల అక్షరాల పొడవున, దారాల్లా రాసి ఉంటాయి. ఆ దారాలే క్రోమోజోములు. నిమ్మకి తొమ్మిది రకాలు. ఒక దారాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపిరిలో చదివే యంత్రం ఆ కార్యాలయానికి ఇంకా మంజూరు కాలేదు. కాబట్టి ముక్కలు ముక్కలుగా చదివి, ఆ ముక్కలను 'ఏకం' అనే సాఫ్ట్‌వేర్ చేత అతికిస్తారు. అతికించగా వచ్చిన క్రమమే చెట్టుకి గుర్తింపు. చెట్టుకున్న గుర్తింపే తోటకి గుర్తింపు. ఎందుకంటే, భూమి రికార్డుల శాఖ కంప్యూటరు చెడిపోయినప్పుడు, ఆవరణ మొత్తంలో పనిచేస్తున్న కంప్యూటరు ఇదొక్కటే కావడంతో, ఆ శాఖను కూడా తెచ్చి దీనికే తగిలించారు. (ఇది తాత్కాలిక ఏర్పాటు. తాత్కాలిక ఏర్పాట్లకు ఈ మధ్యే శాశ్వత భవనం మంజూరైంది.)

కౌంటర్లో కూర్చున్నావిడను అందరూ కౌంటరమ్మ అంటారు. మంచి మనిషి. పన్నెండు మాసాలూ జలుబు.

"ఏ జీవి?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నిమ్మ అమ్మా."

"ఆకు తెచ్చారా? ఆకు ఫోటో? ముందువైపు, వెనకవైపు. ఫోటోలో ఆకు సూటిగా చూస్తుండాలి."

"ఆకు ఎటు చూస్తుందమ్మా?"

"అది నాకు తెలీదండి. నిబంధన మనుషుల కోసం రాశారు, తర్వాత మొక్కలకి కూడా వర్తింపజేశారు. ఊఁ, పక్క గదిలో సారుని కలవండి."

పక్క గదిలోకి వెళ్ళడం అంత తేలిక కాదు. గుమ్మానికి అడ్డంగా టీ అతను కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతని తప్పేమీ లేదు. 'ఏకం' పనితీరు అలాంటిది. దారం కణంలో ఉండచుట్టుకుని ఉన్నప్పుడు ఏ ముక్క ఏ ముక్కతో ఎక్కువగా రాసుకుపూసుకు తిరుగుతుందో అది లెక్కవేస్తుంది. ఎక్కువ తిరిగేవి పక్కపక్కన ఉండేవని తేలుస్తుంది. పద్ధతి మంచిదే. అది చూసి ముచ్చటపడిన పైఅధికారులు సిబ్బంది కుర్చీలను కూడా అదే పద్ధతిలో సర్దించారు. ఎవరు ఎవరితో ఎక్కువ మాట్లాడతారో వారిద్దరూ పక్కపక్కన. అందరూ ఎక్కువగా మాట్లాడేది టీ అతనితోనే కాబట్టి అతని కుర్చీ అన్ని కుర్చీలకీ మధ్యలో, సరిగ్గా గుమ్మంలో పడింది. అతుకుసారుతో ఎవరూ మాట్లాడరు కనుక ఆయనకి విడిగా ఒక గది దొరికింది.

అతుకుసారు అన్న దరఖాస్తు అందుకుని పైనుంచి కిందికి చదివాడు. చదివి, అడ్డంగా, నిలువుగా, పరపరా చింపాడు.

"సార్!"

"కంగారు పడకండి. పని ఎలా జరుగుతుందో చూపిస్తున్నా. ఇవి ముక్కలు. ఈ ముక్క చివర, ఈ ముక్క మొదట ఒకే అక్షరాలున్నాయి చూశారా? అంటే ఇవి రెండూ ఒకచోటివి. అతికించాం. ఇది... ఇది తలకిందులుగా సరిపోతోంది. సరిపోతే చాలు, అతికించాం. ఇక్కడ ఒక ముక్క తగ్గింది."

"బల్ల కిందికి ఎగిరింది సార్, అదిగో."

"మనం చదవగలిగినంతే లెక్క, బల్ల కింద చూడకూడదు. అది ఖాళీ. ఖాళీ ఎంత పొడవుందో తెలియనప్పుడు ఏం చేస్తాం? తెలియదనే అర్థం వచ్చేలా ఎన్ అనే అక్షరాన్ని సరిగ్గా వంద సార్లు వేస్తాం."

"తెలియనప్పుడు వంద అని ఎలా తెలిసింది సార్?"

"తెలియలేదు కాబట్టే వంద. తెలిస్తే తెలిసినంత వేస్తాం కదా." ఆయన అతికించిన దరఖాస్తుని వెలుతురుకి పెట్టి మురిపెంగా చూసుకున్నాడు. అందులో అన్న తన తమ్ముడికి కొడుకు అయ్యాడు. "అర్థమైందా?"

"నా దరఖాస్తు పోయిందని అర్థమైంది సార్."

"ఇంకోటి రాసివ్వండి. ఇది మాదిరి కింద మేం దాచుకుంటాం."

ఆ కార్యాలయంలో ఎదుగుదల అంతా పొడవుతోనే. అతికించిన ముక్క ఎంత పొడవుంటే అంత మార్కు. సరిగా అతికిందా లేదా అన్న దానికి మార్కు లేదు, చూసే మనిషి పోస్టు ఖాళీగా ఉంది. (ఆ పోస్టు ఎంతకాలంగా ఖాళీయో తెలియనందున, వంద అని రాసుకున్నారు.) పన్నెండు క్రోమోజోములు ఉండాల్సిన వంకాయని అతుకుసారు ఒకసారి పట్టుదలతో ఒకే ఒక్క క్రోమోజోముగా అతికించాడు. అంత పొడవు ఆ శాఖ అంతకుముందు ఎరగదు. ఆయనకి శాలువా కప్పారు. వంకాయని ఎవరూ అడగలేదు.

పోలిక చూడాలంటే తమ్ముడి ఆకు కూడా కావాలన్నారు. అన్న తమ్ముడు లేని సమయం చూసి కంచె మీదినుంచి వంగి ఒక ఆకు కోశాడు. అంతటితో ఆగకుండా, చాలా తెలివిగా, తమ్ముడి ఆకునే ముందు ఇచ్చాడు. వాడి ఆకు ఒకసారి రికార్డుకెక్కాక ఇక కాదనడానికి వాడికి వీలుండదని అతని ఎత్తు. తమ్ముడి ఆకుకి మొదటి నంబరు, తన ఆకుకి రెండో నంబరు పడ్డాయి. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా తన తెలివికి తానే మురిసిపోయాడు.

మొదటిసారి ఫలితం వచ్చినప్పుడు అన్న చెట్టులో పది క్రోమోజోములు తేలాయి. తొమ్మిది నిమ్మవి. పదోది కౌంటరమ్మది.

"తుమ్మానండి, ఆకు తీసుకునేటప్పుడు," అంది ఆవిడ తల వంచుకుని.

"అయ్యో, జలుబుకి నిమ్మకాయ మంచిదే తల్లీ, నిమ్మకాయకి మాత్రం జలుబు మంచిది కాదు. సార్, ఆవిణ్ణి నా చెట్టులోంచి తీసేయండి."

"పొడవు తగ్గుతుందండి," అన్నాడు అతుకుసారు బాధగా. "ఉంటే మీకేం నష్టం? చదువుకున్న మనిషి."

చివరికి తీశారు. చెట్టులోంచి బయటికి రావడానికి తనకు అభ్యంతరం లేదని కౌంటరమ్మ రాతపూర్వకంగా ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చింది.

రెండోసారి అంతా చక్కగా వచ్చింది. తొమ్మిదికి తొమ్మిది. అన్న కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సార్, రెండూ ఒకటేనా?"

"దాదాపు ఒకటే. మూడు అక్షరాల తేడా ఉంది."

అన్న మొహం పాలిపోయింది. "తేడానా?"

"కోట్లలో మూడు. చెట్లు విడివిడిగా పెరిగేటప్పుడు ఆ మాత్రం మారుతుంటాయి. యంత్రం తప్పు చదివిందని కూడా అనుకోవచ్చు. అలాంటప్పుడు మెరుగు పెట్టి సరిచేసేస్తాం. మీ ఇష్టం. ఉంచమంటే ఉంచుతా, తీయమంటే తీస్తా."

అన్న జీవితంలో ఒక ప్రభుత్వ మనిషి అతనితో 'మీ ఇష్టం' అన్న క్షణం అదొక్కటే. అతను తమ్ముడి బోర్డుని తలుచుకున్నాడు.

"తీసేయండి సార్! ఒక్క అక్షరం తేడా ఉన్నా వాడు మూడు ఊళ్ళు చాటించి చెప్తాడు. అది యంత్రం తప్పే. నా చెట్టుకి, వాడి చెట్టుకి ఏ తేడా లేదు. ఎక్కడ పెట్టమంటారు సంతకం?"

ఎక్కడ పెట్టాలో చూపించారు. బడి మానేశాక అన్న అంత అందంగా సంతకం పెట్టింది అదే.

మర్నాడు కంచె దగ్గర అన్న ఆ కాగితాన్ని జెండాలా ఊపాడు. తమ్ముడు కళ్ళు చికిలించి రెండుసార్లు చదివాడు. "సరే అన్నయ్యా. ఒకటే. ఒప్పుకున్నా." నిచ్చెన వేసుకుని బోర్డు దింపేశాడు. అన్న ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

సాఫ్ట్‌వేర్ మాత్రం తన పని ఇంకా పూర్తి చేయలేదు. అతుకుల తర్వాత 'జంటల తొలగింపు' అనే అంచె ఒకటి ఉంది. రెండు ముక్కలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే, లోకంలో అలాంటివి రెండు ఉన్నాయని 'ఏకం' ఒప్పుకోదు. ఒకేదాన్ని పొరపాటున రెండుసార్లు చదివామని భావించి, ఒకటి ఉంచి ఒకటి తీసేస్తుంది. ఏది ఉంచాలి? పొడవైనది. రెండూ సమానమైతే? ముందు నంబరు పడినది. కంప్యూటరు ఒకటే కాబట్టి ఈ సవరణ అక్కడికక్కడే భూమి రికార్డుల్లోకి కూడా ప్రవహించింది. ఒక క్రమానికి ఒక తోట.

నోటీసు అందుకుని అన్న పరుగెత్తాడు. గుమ్మంలో టీ అతన్ని దాదాపు దాటుకుని దూకాడు.

"సార్, నా తోటేది?"

"ఏ తోట?"

"కాలువకి ఆనుకుని ఉన్నది."

అతుకుసారు తెర మీద పటం చూశాడు. "కాలువకి ఆనుకుని మీ తమ్ముడి తోట ఉందండి."

"వాడిది రోడ్డుకి ఆనుకుని ఉంటుంది!"

"రోడ్డుకి కూడా ఆనుకునే ఉంది. ఇదిగో. రోడ్డు, తోట, కాలువ. ఎంత చక్కగా అతికిందో చూడండి, మధ్యలో కంచె గీత కూడా లేదు."

"మరి పొద్దున నేను నీళ్ళు పెట్టొచ్చిన నేల ఎవరిది సార్?"

"అదీ ఆ తోటేనండి. మేం దాన్ని రెండుసార్లు చదివాం. మీరు రెండోసారి చదివిన దాంట్లో నిలబడి నీళ్ళు పెట్టారు."

అన్న రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకు వంగాడు. "ఆ మూడు అక్షరాలు! తేడా ఉందన్నారుగా! అవి మళ్ళీ పెట్టేయండి సార్, మీకు పుణ్యముంటుంది."

"అవి తప్పులని మీరే సంతకం పెట్టారు. ప్రభుత్వ రికార్డులో తప్పులు ఎలా పెడతామండి?"

"పోనీ కొత్త ఆకు తెస్తా. మళ్ళీ చదవండి."

"ఏ తోటలోంచి తెస్తారు?"

"నా తోటలోంచి!"

"అలాంటి తోట లేదు కదండీ," అన్నాడు అతుకుసారు. ఆయన గొంతులో వెటకారం ఏమీ లేదు. అన్నని ఎక్కువ కాల్చింది అదే.

కథ ఇక్కడ ఆగినా బావుండేది. మార్కెట్ యార్డులో కాయల తూకం తోట నంబరు మీద పడుతుంది. ఇప్పుడు అన్న కాయలూ తమ్ముడి కాయలూ ఒక్క నంబరు మీదే పడ్డాయి. ఒక్క తోటకి రెట్టింపు దిగుబడి వచ్చిందని 'ఏకం' గుర్తించింది. తమ్ముడికి ఉత్తమ రైతు బహుమానం వచ్చింది. దాంతోపాటు కార్యాలయం వారే రాయించిన ఒక ఇనుప బోర్డు వచ్చింది, చుట్టూ పూలతీగ, కింద ముద్ర: 'ఇక్కడి నిమ్మకాయలకు రసం రెట్టింపు అని ధ్రువీకరించడమైనది'. ఈసారి రంగు వానకి పోయేది కాదు.

తమ్ముడు చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం కంచె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అన్నయ్యా, కంచె పీకేయమని నాకు ఆర్డరు వచ్చింది. నేను పీకను. నువ్వు ఎప్పట్లాగే వచ్చి నీళ్ళు పెట్టుకో, కాయలు కోసుకో. ఎవరైనా అడిగితే నా దగ్గర కూలికి వస్తున్నావని చెప్తాలే."

"కూలికా! నేనా?"

"మరి రికార్డు ప్రకారం ఏమని చెప్పను, నువ్వే చెప్పు. ఉన్నదే నేనొక్కణ్ణి."

"నీ బోర్డు నీ నెత్తిన పడా!"

"అది ప్రభుత్వం పాతిన బోర్డు అన్నయ్యా, పడదు."

అన్న భార్య అంతా విని, పెరటి గట్టు మీద కూర్చుని ఒక మాట అంది. "నాలుగు వానలు పడితే పోయేదండీ. నాలుగు వానలు."

కౌంటరమ్మకి జాలేసింది. ఒకప్పుడు ఆ చెట్టులో కొన్నాళ్ళు ఉన్న మనిషి కదా. అన్నని పక్కకి పిలిచింది. "తోట ఉందని వాదించకండి, ఒప్పుకోరు. అక్కడ ఏదో ఉంది కానీ ఏమిటో తెలియదని అర్జీ పెట్టుకోండి. అలాగైతే ఖాళీ కింద మంజూరవుతుంది."

"నాకు తెలుసు కదమ్మా అక్కడ ఏముందో. ప్రతి చెట్టూ తెలుసు."

"మీకు తెలిస్తే ఖాళీ అవదండి. తెలియదనే రాయండి."

అన్న రాశాడు. తాను పుట్టి పెరిగి, అంట్లు కట్టి, నీళ్ళు పోసిన నేలలో ఏముందో తనకు తెలియదని, ఎంతుందో కూడా తెలియదని రాసి, కింద సంతకం పెట్టాడు. ఈసారి సంతకం అందంగా రాలేదు. అతుకుసారు దాన్ని పైకి పంపాడు. పైవాళ్ళు సంఘం వేశారు. సంఘం స్థలం చూడటానికి వచ్చింది, తమ్ముడు ఇచ్చిన నిమ్మరసం తాగింది, రసం ఎక్కువేనని మెచ్చుకుంది, వెళ్ళింది.

అర్జీ మంజూరైంది. కార్యాలయ చరిత్రలో అర్జీదారు గెలవడం అదే మొదలని అతుకుసారు స్వయంగా లేచి నిలబడి అన్నకి చెయ్యి అందించాడు. రోడ్డువైపు ముక్కకీ కాలువకీ మధ్య పొడవు తెలియని ఖాళీ ఒకటి ఉన్నట్టు గుర్తించారు. పొడవు తెలియని ఖాళీ నిబంధన ప్రకారం వంద. అడుగులా, గజాలా అన్న దానిమీద కొంత చర్చ జరిగి, అర్జీదారు పేదవాడు కాబట్టి అడుగులన్నారు.

"వంద అడుగులు," అన్నాడు అన్న. చచ్చి చెడి గెలిచిన వంద అడుగులు. లోపల ఎక్కడో చిన్న దీపం వెలిగింది. ఒక వరస చెట్లయినా మిగులుతాయి. "వెడల్పు ఎంత సార్?"

అతుకుసారు నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాడు. ఓపికగా మళ్ళీ తిరగేశాడు.

"క్రోమోజోముకి పొడవే కానీ వెడల్పు లెక్కలోకి రాదండి," అన్నాడు.

ఆ విధంగా నిమ్మతోట అన్నకి వంద అడుగుల పొడవు, సున్నా అడుగుల వెడల్పు గల భూమి మీద సర్వహక్కులూ దఖలుపడ్డాయి. దాన్ని మినహాయించగా అతనికి పోయింది సరిగ్గా ఎకరం ముప్పావు.